బడి గంట మోగిన తరువాత

గురుకులమంటే గురువుగారి ఇల్లు. మన పూర్వులు విద్యాలయానికి పెట్టుకొన్న పేరులోనే ఇల్లు ఉన్నది. భాగవతంలోని కుచేలోపాఖ్యానం అందరికీ తెలిసిన కథ. ఎన్నో ఏండ్ల తరువాత తన మందిరానికి వచ్చిన బాల్యమిత్రునితో శ్రీకృష్ణుడు చదువుకొన్న రోజులను తలచుకొంటాడు. సాందీపని వద్ద నేర్చిన శాస్త్రాలను ఆయన ఏకరువు పెట్టడు. గురుపత్ని ఆజ్ఞపై కట్టెల కోసం అడవికి పోవడం, గాలివాన చుట్టుముట్టడం, చీకటిలో దారి కానరాక ఒకరి చేయి ఒకరు పట్టుకొని తిరగడం, తెల్లవారగానే గురువు తమను వెదుక్కుంటూ రావడం, ఇవీ ఆయన స్నేహితునికి జ్ఞాపకం చేసే సంగతులు. నేర్చిన పాఠం బుద్ధిలో కలిసిపోతుంది. కలిసి బ్రతికిన బ్రతుకు మాత్రం మనసులో విడిగా నిలిచి ఉంటుంది.

వసతితో కూడిన విద్యాలయాలను గురించి ఆలోచించేటప్పుడు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. రోజూ ఇంటి నుంచి బడికి వెళ్ళివచ్చే పిల్లల విషయంలో బడి బాధ్యత సాయంత్రం గంటతో ముగుస్తుంది. ఆ తరువాత చూసుకోవడానికి తల్లి ఉంటుంది, తండ్రి ఉంటాడు, వీధిలో తోటి పిల్లలుంటారు. వసతి విద్యాలయంలో అలా కాదు. రోజుకు 24 గంటలలో తరగతులు 7 గంటలనుకొంటే, మిగిలిన 17 గంటల భారం కూడా విద్యాలయానిదే. నిద్ర, స్నానం, భోజనం, ఆట, స్నేహం, తగవు, ఇంటి మీద బెంగ, జ్వరం అన్నీ ఆ 17 గంటలలోనివే. వసతి విద్యాలయపు మంచిచెడ్డలను నిర్ణయించవలసింది ఈ 17 గంటలను బట్టి. మార్కుల పట్టిక చెప్పేది మొదటి 7 గంటల ఫలితాన్ని. ఆ విద్యాలయం ఎటువంటి మనుషులను తయారు చేస్తున్నదో తెలియాలంటే బడి గంట మోగిన తరువాత అక్కడ ఏమి జరుగుతున్నదో చూడాలి.

మన దేశంలో చదువు కోసం ఇల్లు విడవడం కొత్త కాదు. కాని పూర్వపు గురుకులాల తలుపులు అందరికీ తెరచి ఉండలేదు. ఏకలవ్యుని కథ ఆ సంగతిని కఠినంగానే చెబుతుంది. మన తాతల కాలంలో పల్లె నుంచి పట్నం చేరిన పేద విద్యార్థి వారాలు చేసుకొని చదువుకొనేవాడు. సోమవారం ఒకరి ఇంట, మంగళవారం మరొకరి ఇంట భోజనం. అలా చదివి గొప్పవారైనవారెందరో ఉన్నారు. అన్నం పెట్టిన ఆ తల్లుల దయను తక్కువ చేయరాదు. అయితే ఆ దయకు కూడా కులం హద్దులుండేవి. తన వారు పట్నంలో లేని కులంలో పుట్టిన పిల్లవానికి వారం దొరికేది కాదు. వారం దొరకకపోతే చదువూ దొరికేది కాదు.

ఒకరి ఇంటి దయ మీద ఆధారపడిన ఏర్పాటు క్రమంగా సంస్థల చేతికి వచ్చింది. 1918లో హైదరాబాదులో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి నెలకొల్పిన రెడ్డి హాస్టల్ ఇందుకొక ఉదాహరణ. సురవరం ప్రతాపరెడ్డి ఆ వసతి గృహ నిర్వహణలో పాలుపంచుకొన్నారు. నిజాం రాజ్యంలో తెలుగు పల్లెల నుంచి వచ్చిన విద్యార్థులకు అటువంటి వసతి గృహాలు గొప్ప అండగా నిలిచాయి. ఆ రోజులలో చాలా వసతి గృహాలు కులాల పేర్లతో వెలిశాయి. తమ పిల్లలకు తామే దారి చూపాలని ఒక్కొక్క వర్గం పూనుకొన్న కాలమది. అన్ని వర్గాల పిల్లలు ఒకే పంక్తిలో కూర్చుండే ఏర్పాటు విస్తృతంగా జరగడానికి ప్రభుత్వమే ముందుకు రావలసి వచ్చింది.

ఆ దిశలో పెద్ద అడుగు 1971లో పడింది. పి.వి. నరసింహారావు చొరవతో నల్లగొండ జిల్లాలోని సర్వేలు గ్రామంలో ఆంధ్రప్రదేశ్ మొదటి గురుకుల పాఠశాల వెలసింది. సర్వేలు నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నది. మరుసటి సంవత్సరం కోస్తా ప్రాంతంలో తాడికొండ, రాయలసీమలో కొడిగెనహళ్ళి గురుకులాలు ప్రారంభమైనాయి. పల్లెటూళ్ళలోని తెలివైన పిల్లలను ప్రవేశ పరీక్ష ద్వారా ఎంపిక చేసి, తిండి, బట్ట, పుస్తకం, పడక ఇచ్చి చదివించడం వాటి ఉద్దేశం. ఆయనే కేంద్రంలో మానవ వనరుల అభివృద్ధి శాఖను నిర్వహించిన కాలంలో 1986 జాతీయ విద్యా విధానం వచ్చింది, నవోదయ విద్యాలయాలు దేశమంతటా విస్తరించాయి. వాటిలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులకు కేటాయించారు. 1980ల నుంచి దళిత విద్యార్థుల కోసం సాంఘిక సంక్షేమ గురుకులాలు, 2004లో ప్రారంభమైన పథకం కింద బడి మానిన బాలికల కోసం కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు వచ్చాయి. ఇంటి వద్ద దీపం లేని పిల్లలకు, పుస్తకం పెట్టుకొనే గూడు లేని పిల్లలకు, పొద్దున కూలికి పోయి మధ్యాహ్నం బడికి రాలేని పిల్లలకు ఒక చోటు దొరికింది.

ఆ చోటు ఏమి నేర్పుతుంది? మొదటి రోజున ట్రంకు పెట్టెతో వచ్చిన పిల్లవాడు ఆ రాత్రి దుప్పటి ముసుగులో ఏడుస్తాడు. పక్క మంచం మీదివాడు కూడా ఏడుస్తున్నాడని కొంతసేపటికి తెలుస్తుంది. ఆ ఎరుకే వారి స్నేహానికి మొదలు. పది రోజులకు తన బట్టలు తానే ఉతుక్కోవడం వస్తుంది. నీళ్ళ కొళాయి దగ్గర వరుసలో నిలబడడం, తన వంతు కోసం ఆగడం, తరువాతివాని కోసం నీళ్ళు మిగల్చడం అలవాటవుతుంది. ఇంటి నుంచి వచ్చిన సున్నుండలు, కారప్పూస, ఆవకాయ సీసా ఒక్కడివిగా ఉండవు. మూత తీసిన గంటకు గదిలో అందరివీ అవుతాయి. ఎవరి ఇంటి ఆవకాయ అని నాలుక అడుగుతుందే గాని, ఏ కులంవారి ఆవకాయ అని అడగదు. పౌరశాస్త్ర పుస్తకం పేజీలకు పేజీలు రాసినా నేర్పలేని సమానత్వాన్ని భోజనశాలలోని ఒక్క పంక్తి నేర్పగలదు. నవోదయ విద్యాలయాలలో తొమ్మిదవ తరగతి విద్యార్థులలో కొందరిని ఒక సంవత్సరం పాటు వేరొక భాషా ప్రాంతానికి పంపే పద్ధతి ఉన్నది. తెలుగు పిల్లవాడు హిందీ సీమకు వెళ్తాడు, అక్కడి పిల్లవాడు ఇక్కడికి వస్తాడు. దేశమంటే పటం కాదని, మరొక ఊరిలో మనలాగే బెంగపడే మరొక పిల్లవాడని అప్పుడు తెలుస్తుంది.

2014 మే 25వ తేదీన మాలావత్ పూర్ణ ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించింది. అప్పటికి ఆమెకు 14 ఏండ్లు నిండలేదు. ఆ శిఖరాన్ని అంత చిన్న వయసులో చేరిన బాలిక అంతకుముందు లేదు. ఆమెతో పాటు సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా శిఖరం చేరాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాలలో చదువుకొంటున్న నిరుపేద కుటుంబాల పిల్లలు. అందరూ కొండలెక్కాలని ఈ మాటకు అర్థం కాదు. పాఠాలకు వెలుపల ఉన్న సమయానికి కూడా విలువ ఉన్నదని పెద్దలు నమ్మినప్పుడు, ఎవరూ లెక్కలోకి తీసుకోని పిల్లలు ఎంత దూరం పోగలరో అది చూపింది.

ఇంతవరకు చెప్పినదానికి ఎదురు వాదం లేకపోలేదు. బిడ్డ పెరగవలసింది తల్లి దగ్గర కాదా అని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఇంటి నుంచి బిడ్డను వేరు చేసే అధికారం చేతికి వచ్చినప్పుడు విద్యాలయం ఎంత హాని చేయగలదో చరిత్రలో సాక్ష్యమున్నది. కెనడా దేశంలో పందొమ్మిదవ శతాబ్దం చివరి నుంచి ఇరవయ్యవ శతాబ్దం చివరి వరకు సుమారు 1,50,000 మంది ఆదివాసీ పిల్లలను వసతి పాఠశాలలకు తరలించారు. అక్కడ వారి భాష మాట్లాడితే శిక్షించారు, వారి ఆచారాలను మాన్పించారు. 2008లో ఆ దేశ ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పవలసి వచ్చింది. 2015లో విచారణ సంఘం దానిని సాంస్కృతిక జాతి నిర్మూలనగా పేర్కొన్నది. మన ఆశ్రమ పాఠశాలలను వాటితో పోల్చడం న్యాయం కాదు. కాని ఒక హెచ్చరికను మాత్రం గ్రహించాలి. గోండి, కోయ, కువి, సవర మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పిల్లలు మన పాఠశాలలలో తమ భాషను చూసి సిగ్గుపడే పరిస్థితి రాకూడదు. మంచి వసతి విద్యాలయం బిడ్డకు రెండవ ఇల్లు కావాలి. మొదటి ఇంటిని మరపించే చోటు కారాదు.

రెండవ ప్రమాదం మనకు మరింత దగ్గరలో ఉన్నది. ఇంటర్మీడియట్ చదివే మీకు దానిని వివరించనక్కర లేదు. పోటీ పరీక్షల ర్యాంకులే లక్ష్యంగా నడిచే వసతి కళాశాలలు కొన్ని ఆ 17 గంటలను కూడా తరగతి గదిలోకి లాగివేశాయి. తెల్లవారుజామున 5 గంటలకు లేపి రాత్రి 11 గంటల వరకు కూర్చోబెట్టే చోట్లున్నాయి. ఆట స్థలం ఉండదు. ఉన్నా అక్కడ వాహనాలుంటాయి. కిటికీలకు ఊచలుంటాయి. వారం వారం పరీక్షలు, మార్కులను బట్టి సెక్షన్లు మార్చడం, గోడ మీద జాబితాలు. 13 నుంచి 18 ఏండ్ల వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్య నిపుణులు చెబుతున్నారు. 11 గంటలకు పడుకొని 5 గంటలకు లేచే విద్యార్థికి దొరికేది 6 గంటలే. నిద్ర చాలని మనసుకు చదివినది పట్టదు. పట్టలేదని మరొక గంట కూర్చోబెడతారు. అలసట పెరుగుతుంది, భయం పెరుగుతుంది, పిల్లలు తమలో తాము ముడుచుకొనిపోతారు.

ఈ బాధ నిన్న మొన్నటిది కాదు. విద్యార్థుల ఆత్మహత్యలు కలవరపరచగా 2001లోనే అప్పటి ప్రభుత్వం నీరదారెడ్డి అధ్యక్షతన ఒక సంఘాన్ని నియమించింది. ఆ తరువాత రెండు దశాబ్దాలకు పైగా గడిచాయి. నేటికీ పరీక్షా ఫలితాలు వెలువడే రోజున తల్లిదండ్రుల గుండెలు మరొక కారణానికి కూడా దడదడలాడుతున్నాయి. రెండేండ్లు కష్టపడితే జీవితమంతా సుఖపడవచ్చునని, ఇది ఒక తపస్సని కొందరు సమర్థిస్తారు. తపస్సు తనంతట తాను పూనుకొనేది. ఒకరు గంట కొట్టి చేయించేది తపస్సు కాదు. పిల్లల భవిష్యత్తు కోసం అప్పు చేసి ఫీజు కట్టిన తండ్రి ప్రేమను ఎవరూ శంకించరు. కాని ఆ ప్రేమ బిడ్డకు చేరే దారి ఉండాలి. నెలకొకసారి పది నిమిషాలు ఫోనులో మాట్లాడితే, అందులోనూ మొదటి ప్రశ్న మార్కులను గురించే అయితే, ఆ ప్రేమ బిడ్డకు బరువుగానే అందుతుంది.

మూడవ ప్రమాదం దీనికి పూర్తిగా విరుద్ధమైనది. అది నిర్లక్ష్యం. ప్రైవేటు కళాశాల విద్యార్థి మీద చూపు మరీ ఎక్కువైతే, కొన్ని సంక్షేమ వసతి గృహాలలో చూసే దిక్కే ఉండదు. నీళ్ళలాంటి చారు, తలుపు లేని మరుగుదొడ్డి, వానకాలంలో తడిసే పడకలు, జ్వరం వచ్చిన రాత్రి తలుపు తట్టడానికి ఎవరూ లేకపోవడం. ఉచితంగా పెడుతున్నాము కదా అన్న మాట అప్పుడప్పుడు వినబడుతుంది. అది ఉచితం కాదు. ఆ పిల్లల తల్లిదండ్రులు కట్టిన బట్టలో చెల్లించిన పన్ను కూడా ఆ అన్నంలో ఉన్నది. పేదవాని బిడ్డ కాబట్టి ఇంత చాలునన్న ఆలోచన వారాల రోజులనాటి దయ కన్నా తక్కువ స్థాయిది.

అయితే మంచి వసతి విద్యాలయాన్ని గుర్తించడమెలా? అందుకు పెద్ద పరిశోధన అవసరం లేదు. నాలుగు ప్రశ్నలు చాలు. సాయంత్రం ఒక గంట విద్యార్థి తన ఇష్టం వచ్చినట్లు గడపగలడా? ఆ గంటలో అతడు ఆడవచ్చు, పాడవచ్చు, కథల పుస్తకం చదవవచ్చు, చెట్టు కింద ఊరికే కూర్చోవచ్చు. ఉపాధ్యాయులు, వార్డెన్లు విద్యార్థులతో కలిసి అదే అన్నం తింటారా? తినే చోట చారు నీళ్ళ కావడం అరుదు. కష్టం వచ్చిన విద్యార్థి భయపడకుండా చెప్పుకోవడానికి ఒక మనిషి ఉన్నారా? జ్వరం వచ్చిన బిడ్డ పక్కన ఆ రాత్రి ఎవరు ఉంటారు? గాలివాన వెలిసేదాకా ఆగి, పిల్లలే తిరిగి వస్తారులే అని సాందీపని ఆశ్రమంలో కూర్చోలేదు, వెదుక్కుంటూ వెళ్ళాడు. వార్డెన్ ఉద్యోగానికి అంతకు మించిన నిర్వచనం లేదు.

ఈ నాలుగింటికీ సంతృప్తికరమైన జవాబులున్న విద్యాలయంలో చదువు తక్కువవుతుందని భయపడవలసిన పని లేదు. కడుపు నిండా తిని, కంటి నిండా నిద్రపోయి, మనసులోని మాట చెప్పుకోగలిగిన విద్యార్థికి గంటలో వచ్చే పాఠం భయపడే విద్యార్థికి మూడు గంటలలో రాదు. అందుచేత ప్రభుత్వం ఒక్కటి చేయాలి. వసతి విద్యాలయాలకు అనుమతి ఇచ్చేటప్పుడు, తనిఖీకి వెళ్ళినప్పుడు తరగతి గదులతో పాటు సాయంత్రపు గంటను, భోజనశాలను, రోగుల గదిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అది ప్రభుత్వ విద్యాలయమైనా సరే, ప్రైవేటు విద్యాలయమైనా సరే. తనిఖీ పగటివేళ ముందుగా చెప్పి చేసేది కాక, రాత్రివేళ చెప్పకుండా చేసేదై ఉండాలి.

విద్యార్థులారా! ఈ బాధ్యతలో మీ పాలు కూడా కొంత ఉన్నది. వసతి గృహంలో కొత్తగా చేరినవానిని ఏడిపించి ఆనందించడం వీరత్వం కాదు. అతని ట్రంకు పెట్టెకు ఒక చేయి వేసి గదిదాకా మోయడం పెద్దరికం. పక్క మంచం మీది స్నేహితుడు రెండు రోజులుగా మాట్లాడడం లేదంటే, అన్నం ముట్టడం లేదంటే, చదువులో మునిగి ఉన్నాడనుకొని వదిలివేయకండి. దగ్గర కూర్చోండి. అడగండి. మీకు చాలని కష్టమైతే నమ్మకమైన ఉపాధ్యాయునికి చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్ సేవలో 14416 అనే నంబరుకు ఫోను చేస్తే నిపుణులు ఏ వేళనైనా మాట్లాడతారు. స్నేహితుని రహస్యం కాపాడడం మంచిదే. అతని ప్రాణం కాపాడడం అంతకన్నా మంచిది. మీకే అటువంటి దిగులు కలిగితే, చెప్పుకోవడం పిరికితనమని అనుకోవద్దు. చీకటిలో మరొకరి చేయి పట్టుకోవడానికి శ్రీకృష్ణుడు సిగ్గుపడలేదు.

పెద్దలకు కూడా ఒక విన్నపం. జూన్ నెలలో పిల్లలను చేర్పించడానికి వెళ్ళినప్పుడు ద్వారం దగ్గరే ర్యాంకుల ఫలకం కనిపిస్తుంది. దానిని తప్పక చూడండి. తరువాత లోపలికి వెళ్ళి భోజనశాలలో ఒక పూట తినండి. సాయంత్రం అయిదు గంటల దాకా ఉండి, ఆట స్థలంలో పిల్లల కేకలు వినబడుతున్నాయేమో చెవి ఒగ్గి వినండి. వినబడితే నిశ్చింతగా సంతకం చేయండి. ఆ వేళలో అక్కడ అంతా నిశ్శబ్దంగా ఉంటే, ఫలకం మీద ఎన్ని పేర్లున్నా మరొక విద్యాలయాన్ని వెదకండి.